ఇల్లున్నచోట పని లేదు, పనున్నచోట ఇల్లు లేదు: 1945 తర్వాత పశ్చిమ జర్మనీ 80 లక్షల మందికి చోటెలా చేసింది

ఒక ప్రాంతం బయటి నుంచి వచ్చేవాళ్లను ఎంతమందిని ఇముడ్చుకోగలదు? వలసల మీద ఎక్కడ వాదన మొదలైనా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తుంది. జవాబు తేలికే అనిపిస్తుంది కూడా. ఎన్ని ఇళ్లు ఖాళీగా ఉన్నాయి, ఎన్ని ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి, లెక్కపెట్టి అంతమందిని రానిస్తే సరిపోతుంది కదా అనుకుంటాం. బ్రిటిష్ ప్రభుత్వం 1922లో తన పాలనలోని పాలస్తీనాకు యూదుల వలస విషయంలో ఈ సూత్రాన్నే అధికారికంగా ప్రకటించింది. కొత్తవాళ్లను ఇముడ్చుకోవడానికి ఆ సమయానికి దేశానికి ఎంత ఆర్థిక శక్తి ఉందో, వలస దాన్ని మించకూడదని చెప్పింది. 1939కి వచ్చేసరికి అదే ప్రభుత్వం ఆ కొలతను పక్కన పెట్టి, ఐదేళ్లలో 75,000 మంది అని నేరుగా ఒక అంకె వేసింది. ఆర్థిక లెక్కగా మొదలైన విషయం రాజకీయ నిర్ణయంగా మారడానికి పదిహేడేళ్లు పట్టింది.

ఇళ్లకూ పనులకూ వలసకూ మధ్య నిజంగా ఉండే సంబంధం ఏమిటో తెలియాలంటే, ముందుగా ఎవరూ ఏ లెక్కా వేయని చోటును చూడాలని నా అభిప్రాయం. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి పశ్చిమ జర్మనీ అలాంటి చోటు. అక్కడ మీకు చోటుందా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. జనం వచ్చేశారు. చోటు ఆ తర్వాత తయారైంది. అది ఎలా తయారైంది, ఎవరి ఖర్చుతో తయారైంది, ఎన్నేళ్లు పట్టింది అన్నదే ఈ వ్యాసం.

వచ్చింది ఎవరు

నాజీ జర్మనీ మొదలుపెట్టిన యుద్ధం ఓటమితో ముగిసే నాటికే జర్మనీ తూర్పు ప్రాంతాలైన తూర్పు ప్రష్యా, పొమరేనియా, సైలీషియాల నుంచి జర్మన్లు సోవియట్ సైన్యానికి భయపడి పడమటికి పారిపోతున్నారు. ఆ తర్వాత పోలండ్, చెకోస్లొవేకియా, హంగరీల నుంచి జర్మన్ జనాభాను పంపించేయడానికి 1945 ఆగస్టులో పోట్స్‌డామ్ సమావేశంలో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ ఒప్పుకున్నాయి. ఈ బదిలీ క్రమపద్ధతిలో, మానవీయంగా జరగాలని అందులో రాసుకున్నారు. జరిగింది అలా కాదు. పెట్టె, దుప్పటి పట్టుకుని పశువుల రైలు పెట్టెల్లో వచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. దారిలో చనిపోయినవాళ్లూ చాలామందే.

మొత్తం మీద దాదాపు కోటీ ఇరవై లక్షల మంది యుద్ధం తర్వాతి జర్మనీకి చేరారు. 1950 జనాభా లెక్కల నాటికి వాళ్లలో దాదాపు 80 లక్షల మంది పశ్చిమ జర్మనీలో, 40 లక్షలకు పైగా తూర్పు జర్మనీలో ఉన్నారు. పశ్చిమ జర్మనీ జనాభాలో వీళ్లు ఆరో వంతు. తూర్పు జర్మనీ నుంచి తప్పించుకు వచ్చేవాళ్ల రాక దీనికి అదనం. అది 1961లో బెర్లిన్ గోడ లేచేదాకా ఆగలేదు.

వాళ్లు వచ్చి చేరిన దేశం ఎలా ఉంది? తర్వాత పశ్చిమ జర్మనీ అయిన ప్రాంతంలో యుద్ధానికి ముందు కోటికి పైగా ఇళ్లుండేవి. వాటిలో ఐదో వంతు బాంబులకు పోయాయి. నష్టం అన్నిచోట్లా ఒకేలా లేదు. కొలోన్‌లో దాదాపు 70 శాతం ఇళ్లు పోయాయి, హాంబర్గ్‌లో దాదాపు సగం. రూర్ ప్రాంతంలోని బొగ్గు, ఉక్కు పట్టణాలదీ దాదాపు ఇదే పరిస్థితి. పల్లెలు మాత్రం చాలావరకు అలాగే నిలిచాయి. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఆ తర్వాత జరిగిన కథలో సగం అర్థమవుతుంది.

కప్పు ఉన్నచోటికి పంపారు

రైళ్లలో దిగుతున్న జనాన్ని ఎక్కడికి పంపాలి? అధికారులు చూసుకున్నవి రెండే: తలమీద కప్పు, కడుపుకింత తిండి. రెండూ పల్లెల్లోనే ఉన్నాయి. అందుకే ఉత్తరాన ష్లెస్విగ్-హోల్‌స్టైన్, లోయర్ సాక్సనీ, దక్షిణాన బవేరియా రాష్ట్రాల్లోని పల్లెలకు ఎక్కువమందిని తోలారు. ఓడిన జర్మనీని పంచుకుని పాలిస్తున్న నాలుగు దేశాల్లో ఫ్రాన్స్ ఒకటి. పోట్స్‌డామ్ ఒప్పందంలో అది లేదు కాబట్టి, తన ఆక్రమణలోని ప్రాంతంలోకి వీళ్లను దాదాపు రానివ్వనే లేదు. హాంబర్గ్ లాంటి నగరాలు అనుమతి లేకుండా కొత్తవాళ్లెవరూ వచ్చి ఉండకూడదని తలుపులు మూసుకున్నాయి. తమ సొంత నగరవాసులే శిథిలాల కింద నేలమాళిగల్లో ఉంటుంటే అవి మాత్రం ఏం చేస్తాయి?

ఫలితం ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో స్పష్టంగా కనబడుతుంది. యుద్ధానికి ముందు ఆ రాష్ట్ర జనాభా దాదాపు 16 లక్షలు. 1940ల చివరికి అది 27 లక్షలకు చేరింది. పశువులు, పాలు, చేపలు తప్ప పెద్ద పరిశ్రమలు లేని ప్రాంతం అది. 1950లో కూడా అక్కడ ప్రతి ముగ్గురిలో ఒకరు తూర్పు నుంచి వచ్చినవాళ్లే.

ఇన్ని లక్షల మందికి కొత్త ఇళ్లు కట్టడానికి సిమెంటు లేదు, ఇటుక లేదు, వాటిని కాల్చడానికి బొగ్గు లేదు. ఉన్నది పంచడం ఒక్కటే దారి. ఆ నాలుగు దేశాల ఉమ్మడి పాలకమండలి అయిన మిత్రరాజ్యాల నియంత్రణ మండలి 1946 మార్చిలో 18వ నంబరు చట్టం తెచ్చింది. ఇంటి యజమాని ఎవరైనా సరే, ఆ ఇంట్లో మనుషులకు మించి గదులుంటే వాటిని స్థానిక హౌసింగ్ ఆఫీసు తీసుకుని ఇల్లు లేనివాళ్లకు కేటాయించవచ్చు. ఏ గదిలో ఎవరుండాలో ఆఫీసు చెబుతుంది. కావాలంటే పోలీసుల్ని వెంటబెట్టుకొస్తుంది.

మన దగ్గర ఒకే ఇంట్లో రెండు పోర్షన్లుంటేనే కుళాయి దగ్గర మాటా మాటా వస్తుంది. ఇక్కడ ముక్కూ మొహం తెలియని కుటుంబం వచ్చి ముందు గదిలో చేరింది, అదే పొయ్యి మీద వండుకోవాలి, అదే మరుగుదొడ్డి వాడుకోవాలి. వచ్చినవాళ్ల యాస వేరు, చాలాచోట్ల మతశాఖ కూడా వేరు. ప్రొటెస్టెంట్ పల్లెలోకి కాథలిక్కులు, కాథలిక్ పల్లెలోకి ప్రొటెస్టెంట్లు వచ్చారు. గొడవలు జరిగాయి, అవమానాలు జరిగాయి. వచ్చినవాళ్లూ జర్మన్లే, మాట్లాడేదీ జర్మనే. అయినా వాళ్లను పోలండువాళ్లని, జిప్సీలని తిట్టిన పల్లెలున్నాయి. వలస వచ్చేవాళ్లు మన భాషవాళ్లూ మన సంస్కృతివాళ్లూ అయితే ఇబ్బందే ఉండదని వాదించేవాళ్లు ఈ సంగతి ఒకసారి చూడాలి. కరువులో ఉన్నది ఇల్లు. వంటింట్లో తగాదాకు భాష ఒకటే కావడం అడ్డు రాలేదు.

ఇంకో సంగతి ఉంది. గదుల పంపకంలో ఒక నష్టం దాగి ఉంది, అది వెంటనే కనబడలేదు. తలకు ఇన్ని చదరపు మీటర్లని పంచితే జనం కప్పు కిందికి చేరతారు గానీ, పనికి దూరమైపోతారు. సైలీషియా నుంచి వచ్చిన గని కార్మికుడు పాల రైతు ఇంట్లో దిగాడు. చేనేత, గాజు పనివాళ్లు గోధుమ పొలాల మధ్య దిగారు. బొగ్గు గనులున్న రూర్‌లో మనుషులు కావాలి, కానీ పడుకోవడానికి మంచం వేసే చోటు లేదు.

డబ్బుకు విలువ వచ్చాక బయటపడిన నిరుద్యోగం

1948 దాకా ఈ సమస్య కప్పేసి ఉంది. పాత మార్కుకు విలువ లేదు, రైతు తన దగ్గరున్న నిర్వాసితులకు తిండి పెట్టి పని చేయించుకున్నాడు. జీతమిచ్చినా ఆ కాగితాలతో కొనడానికేమీ లేదు కాబట్టి యజమానికి అది బరువు కాలేదు. కాగితం మీద అందరికీ ఏదో ఒక పని ఉన్నట్టే ఉండేది.

1948 జూన్ 20న కరెన్సీ మార్చారు. కొత్త డాయిష్ మార్కులు మొదట తలకు 40, ఆ తర్వాత మరో 20 ఇచ్చారు. బ్యాంకుల్లో దాచుకున్న పాత డబ్బు వందకు చివరికి ఆరున్నర మార్కులే మిగిలాయి. అంగళ్లు రాత్రికి రాత్రి సరుకులతో నిండాయని పశ్చిమ జర్మనీ ఆర్థిక అద్భుతం గురించి చెప్పేవాళ్లంతా ఇక్కడే మొదలుపెడతారు. అది నిజమే. కానీ అదే రోజు నుంచి జీతం అసలు జీతమైంది. యజమాని ప్రతి మనిషినీ లెక్క చూసుకోవడం మొదలుపెట్టాడు. చివర వచ్చినవాళ్లు ముందు ఇంటికి వెళ్లారు. సంస్కరణ నాటికి ఐదు లక్షలకు లోపున్న నిరుద్యోగుల సంఖ్య 1950 మొదట్లో ఇరవై లక్షలకు చేరింది. జనాభాలో ఆరో వంతున్న నిర్వాసితులు నిరుద్యోగుల్లో దాదాపు మూడో వంతు. ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో పని చేయగలిగినవాళ్లలో దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు.

ఇల్లూ ఆస్తీ ఉన్నవాళ్ల సంగతి వేరు. కరెన్సీ మార్పు దాచుకున్న డబ్బును తినేసింది గానీ ఇంటిని, పొలాన్ని, ఫ్యాక్టరీని ముట్టుకోలేదు. అన్నీ వదిలేసి వచ్చినవాళ్ల దగ్గర ఉన్నది నగదే, అది పోయింది. బాంబులకు ఇల్లు పోగొట్టుకున్న స్థానికులకూ ఇదే జరిగింది. యుద్ధం చేసిన దేశం ఒకటే, ఓడిన దేశం ఒకటే, నష్టం మాత్రం కొందరి నెత్తిన పడింది. ఈ అన్యాయం మీద కోపం తర్వాతి రాజకీయాన్ని నడిపింది.

ఆ రోజుల్లో బయటి నుంచి చూసిన చాలామంది పశ్చిమ జర్మనీ ఇంతమందిని మోయలేదనే అనుకున్నారు. కొన్ని లక్షల మందిని సముద్రం దాటించి పంపడమే పరిష్కారమన్న ఆలోచన అమెరికా కాంగ్రెస్‌లోనూ వినిపించింది. 1950 నాటి అంకెలు చూస్తే వాళ్లను తప్పుపట్టలేం. ఇళ్ల కొరత నలభై లక్షలకు పైనే. నిరుద్యోగం పది శాతానికి మించి ఉంది. రోజూ తూర్పు జర్మనీ నుంచి ఇంకా జనం వస్తున్నారు. ఖాళీ ఇళ్లనూ ఖాళీ ఉద్యోగాలనూ మాత్రమే లెక్కపెట్టే కొలతతో చూస్తే ఆ దేశానికి ఒక్కడిని కూడా ఇముడ్చుకునే శక్తి లేదు. పదేళ్లు తిరిగేసరికి అదే దేశం మనుషులు చాలడం లేదని ఇటలీకి, స్పెయిన్‌కు, గ్రీసుకు, టర్కీకి కబురు పెట్టింది.

మధ్యలో ఏం జరిగింది

మొదటిది, కట్టడం. 1950 ఏప్రిల్‌లో పార్లమెంటు తొలి గృహనిర్మాణ చట్టం చేసింది. ఆరేళ్లలో 18 లక్షల ఇళ్లు లక్ష్యం. ఇంటి పరిమాణం 32 నుంచి 65 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 350 నుంచి 700 చదరపు అడుగులు. సామాన్యుడు కట్టగలిగే అద్దె ఉండాలని దానికీ పరిమితి పెట్టారు.

అప్పటి పరిస్థితుల్లో ఇల్లు కట్టడానికి మార్కెట్ మీదే ఆధారపడితే పని జరగదు. పాత ఇళ్ల అద్దెలు ప్రభుత్వం బిగించేసింది కాబట్టి కొత్త ఇల్లు కట్టినవాడికి లాభం రాదు. కరెన్సీ మార్పుతో పొదుపులు పోయాయి కాబట్టి బ్యాంకుల దగ్గర దీర్ఘకాలం అప్పివ్వడానికి డబ్బు లేదు. అందుకని ప్రభుత్వం వడ్డీ లేకుండానో, నామమాత్రపు వడ్డీకో అప్పులిచ్చింది. లాభాలను గృహనిర్మాణానికి అప్పుగా పెట్టే కంపెనీలకు ఆదాయపు పన్నులో రాయితీ ఇచ్చింది. కట్టే పని సహకార సంఘాలు, లాభాపేక్ష లేని హౌసింగ్ సంస్థలు ఎక్కువగా చేశాయి. బొగ్గు మీద టన్నుకింత అని సుంకం వేసి ఆ డబ్బుతో గని కార్మికులకు ఇళ్లు కట్టారు. ఈ చివరి ఏర్పాటు నాకు చాలా తెలివైనదనిపిస్తుంది. గనికి మనిషి కావాలి, మనిషికి ఇల్లు కావాలి, ఆ ఇంటి ఖర్చు ఆ గని బొగ్గే మోసింది.

1949లో రెండు లక్షల పైచిలుకు ఇళ్లు పూర్తయ్యాయి. 1953 నుంచి ఏటా ఐదు లక్షలకు పైగా లేచాయి. అవి అందమైనవి కావు. సన్నని గోడలు, ఇరుకు వంటిళ్లు, ఒకే రకం మూడంతస్తుల వరసలు. కానీ ఆ ఇంటికి తాళం ఉంది, లోపల పొయ్యి ఒకే కుటుంబానిది. ఐదారేళ్లు పరాయి ఇంట్లో గది పంచుకున్నవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఇక్కడ ఒక విషయం నిదానంగా చూడాలి. ఈ ఇళ్లు కట్టిందెవరు? తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, కూలీలు, సిమెంటు ఫ్యాక్టరీ కార్మికులు. వాళ్లలో చాలామంది ఏ పనికైనా, ఎక్కడికైనా వెళ్లడానికి సిద్ధంగా ఉన్న నిర్వాసితులే. ఇళ్ల కొరతకు కారణమని ఎవరిని అన్నారో వాళ్ల చేతులే ఆ కొరతను తగ్గించాయి. నేలనూ చెట్లనూ లెక్కపెట్టినట్టు ఇళ్లనూ ఉద్యోగాలనూ ఒక రోజు లెక్కపెడితే ఈ సంగతి ఆ పట్టికలో ఎక్కడా కనబడదు. వచ్చే మనిషిని తినే నోరుగా రాసుకుంటారు, కట్టే చెయ్యిగా రాసుకోరు.

అయితే చేతులు ఉండగానే సరిపోదు, వాటిని పని దగ్గరికి చేర్చాలి. 1949 నవంబరు నుంచి కేంద్ర ప్రభుత్వం ష్లెస్విగ్-హోల్‌స్టైన్, లోయర్ సాక్సనీ, బవేరియాల నుంచి మూడు లక్షల మందిని ఇతర రాష్ట్రాలకు తరలించే పథకం పెట్టింది. తర్వాత దాన్ని పెంచింది. మొదట్లో పథకం నత్తనడక నడిచింది. కారణం మళ్లీ ఇల్లే. తీసుకునే రాష్ట్రం తన దగ్గర ఇల్లు సిద్ధమైతేనే మనిషిని రమ్మంటుంది. కూలీ అయితే రమ్మంటుంది, కూలీ వెంట ముసలితల్లి, నలుగురు పిల్లలు ఉంటే వెనకాడుతుంది. విసిగిపోయిన జనం 1952లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో సంఘాలు కట్టి, బండ్లు కట్టుకుని నడిచి దక్షిణానికి బయలుదేరతామని హెచ్చరించారు. తరలింపు డబ్బును గమ్యస్థానంలో ఇళ్లు కట్టడానికి ఎక్కువగా మళ్లించాకే పథకం ఊపందుకుంది. దాని కింద చివరికి దాదాపు పది లక్షల మంది కదిలారు. పథకం కోసం ఆగకుండా సొంతంగా వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువ. ఎక్కువమంది చేరింది రూర్ గనులూ ఫ్యాక్టరీలూ ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫేలియాకు, స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల పరిశ్రమలకు.

కొన్నిచోట్ల మనుషులు పని దగ్గరికి వెళ్లకుండా పనినే తమ దగ్గరికి తెచ్చుకున్నారు. బవేరియాలో కౌఫ్‌బాయిరెన్ ఊరి పక్కన అడవిలో యుద్ధకాలపు మందుగుండు ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాన్ని అమెరికన్లు పేల్చేశారు. చెకోస్లొవేకియాలోని గాబ్లోంట్స్ పట్టణం గాజు పూసలకు, గిల్టు నగలకు ప్రపంచమంతా పేరున్నది. అక్కణ్నుంచి వచ్చిన పనివాళ్లు 1946 నుంచి ఆ శిథిలాల్లో చేరి, మిగిలిన గోడల మధ్య తమ వృత్తిని మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఊరి పేరు నోయ్‌గాబ్లోంట్స్, కొత్త గాబ్లోంట్స్ అని. ఉత్తరాన ఎస్పెల్‌క్యాంప్ కూడా ఆయుధాల డిపోలో పుట్టిన పట్టణమే. ఆ భవనాలను పేల్చేయకుండా ఆపడానికి స్వీడన్ పాస్టర్ బిర్గర్ ఫోరెల్ పాటుపడ్డాడు. బవేరియాలోని వాల్డ్‌క్రైబుర్గ్, ట్రౌన్‌రాయిట్, గెరెట్స్‌రీడ్ కూడా ఇలాంటి స్థలాల్లోనే లేచాయి. రోడ్డు, రైలు పట్టా, కరెంటు, నీటి గొట్టాలు అక్కడ ముందే ఉన్నాయి. యుద్ధం కోసం అడవిలో దాచిపెట్టిన ఆ ఏర్పాట్లు ఇల్లు లేనివాళ్లకు పనికొచ్చాయి. ఊరంతా కొత్తవాళ్లదే కాబట్టి అక్కడ ఎవరి వంటింట్లోనూ ఎవరూ చొరబడలేదు.

ఖర్చు ఎవరిది

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది 1952 ఆగస్టులో వచ్చిన భారాల సమీకరణ చట్టం. యుద్ధనష్టాన్ని అందరూ పంచుకోవాలన్నది దాని సారాంశం. కరెన్సీ మారిన మర్నాడు, అంటే 1948 జూన్ 21న, ఎవరి దగ్గర ఎంత ఆస్తి ఉందో చూస్తారు. కొంత మినహాయింపు పోగా అందులో సగం విలువను ప్రత్యేక నిధికి కట్టాలి. ఒకేసారి కాదు, మూడు నెలలకొక కిస్తీ చొప్పున 1979 దాకా.

సగం ఆస్తి అంటే వినడానికి విప్లవంలా ఉంటుంది. కిస్తీలు ముప్పై ఏళ్ల మీద పరుచుకోవడంతో ఇల్లమ్ముకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఏడాది రాబడిలోంచి కట్టేశారు. ఆస్తుల విలువ కూడా పాత అంచనాల ప్రకారమే వేశారు. దేశం పైకెదిగేకొద్దీ ధరలూ ఆదాయాలూ పెరిగి ఆ కిస్తీ తేలికైపోయింది. అటువైపు నష్టపోయినవాళ్లకు పూర్తి పరిహారమూ రాలేదు. తూర్పున పెద్ద ఎస్టేటు పోగొట్టుకున్నవాడికి దాని విలువలో చిన్న వంతే దక్కింది, అదీ చాలా ఏళ్లకు. కౌలు కూలీగా బతికినవాడికి పోగొట్టుకున్నట్టు చూపించడానికి ఆస్తే లేదు, వాడికి సామాను కోసం ఇచ్చిన కొద్ది మొత్తమే దిక్కు. కాబట్టి ఇది సంపూర్ణ న్యాయమని నేననను.

కానీ ఆ నిధిలో పెద్ద భాగం మొదటి ఏళ్లలో ఎక్కడికి వెళ్లిందో చూస్తే చట్టం విలువ తెలుస్తుంది. ఇళ్లు కట్టుకోవడానికి అప్పులు, చిన్న దుకాణం, వర్క్‌షాపు పెట్టుకోవడానికి అప్పులు. ఇల్లున్నవాడి నుంచి వచ్చిన కిస్తీ ఇల్లు లేనివాడి గోడగా లేచింది. పాత ఇంట్లోంచి ఒక గదిని గుంజుకోవడం పల్లెల్లో పగను పెంచింది. అదే యజమాని నుంచి కిస్తీ తీసుకుని కొత్త ఇల్లు కట్టడం పగను మెల్లగా కరిగించింది. రెండిట్లోనూ ఇచ్చేది పాతవాడే, పుచ్చుకునేది కొత్తవాడే. కానీ రెండో పద్ధతిలో ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర నిలబడనక్కర్లేదు.

ఈ చట్టం మంచితనంతో మాత్రమే వచ్చిందని అనుకోవద్దు. నిర్వాసితులు వచ్చిన రోజు నుంచే పౌరులు, వాళ్లకు ఓటుంది. మొదట్లో వాళ్లు సొంత పార్టీ పెట్టుకోకుండా ఆక్రమణ సైన్యాలు ఆపాయి. ఆ అడ్డు తొలగగానే 1950 జనవరిలో కీల్ నగరంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ల పార్టీ ఒకటి పుట్టింది. ఆ ఏడాది జులైలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ఎన్నికల్లో 23.4 శాతం ఓట్లు తెచ్చుకుని ప్రభుత్వంలో చేరింది. ఆ ఫలితం రాజధాని బాన్‌లో కూర్చున్న పార్టీలన్నిటినీ కుదిపేసింది. ఆ పార్టీ నాయకుల్లో నాజీ గతం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, ఆ విషయం దాచనక్కర్లేదు. 1953లో కేంద్ర మంత్రివర్గం దాకా వెళ్లిన ఆ పార్టీ 1957లో సీట్లు దక్కడానికి కావలసిన ఐదు శాతం ఓట్ల గీత దాటలేక పార్లమెంటు నుంచి బయటికొచ్చింది. ఇళ్లు దొరికాయి, పనులు దొరికాయి, ఆ పార్టీకి ఓటేయడానికి కారణం తగ్గిపోయింది.

అదృష్టం లేదా? ఉంది, దాన్ని తక్కువ చేసి చెబితే కథ అబద్ధమవుతుంది. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలై ప్రపంచమంతా యంత్రాలకు, ఉక్కుకు గిరాకీ పెరిగింది. అవి తయారుచేయగల ఫ్యాక్టరీలు రూర్‌లో ఉన్నాయి. యూరప్ కోలుకోవడానికి అమెరికా ఇచ్చిన మార్షల్ సాయం అందింది. భవనాలు కూలాయి గానీ జనం చేతిలో పనితనం ఉంది. ఇవేవీ లేని దేశానికి ఇదే చట్టాలు ఇస్తే ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం. పక్కనే తూర్పు జర్మనీ ఉంది. అక్కడ జనాభాలో నిర్వాసితుల వాటా ఇంకా ఎక్కువ, దాదాపు నాలుగో వంతు. 1945 నుంచి భూసంస్కరణలో కొందరికి పొలం ఇచ్చారు, 1950లో సామాను కొనుక్కోవడానికి అప్పు ఇచ్చారు. ఆ తర్వాత సమస్య తీరిపోయిందని ప్రకటించి ఆ మాటే ఎత్తనివ్వలేదు. వాళ్లలో లక్షల మంది మళ్లీ మూట కట్టుకుని పడమటికి వచ్చేశారు.

పడమట కూడా అందరి కథా త్వరగా ముగియలేదు. 1950ల మధ్యలోనూ లక్షమందికి పైగా క్యాంపుల్లోనే ఉన్నారు. డాఖావ్ నిర్బంధ శిబిరం బ్యారక్‌లలో 1948 నుంచి నిర్వాసిత కుటుంబాలను ఉంచారు. 1960లలో కూడా అక్కడ కాపురాలున్నాయి. క్యాంపుల్లో మిగిలిపోయింది ఎవరు? ముసలివాళ్లు, జబ్బుపడినవాళ్లు, యుద్ధంలో భర్తలు పోయి పిల్లలతో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు. ఏ ఫ్యాక్టరీకీ అవసరం లేనివాళ్ల వంతు చివర వచ్చింది. దేశం నిలదొక్కుకున్న లెక్కల్లో వీళ్ల పదేళ్లు కూడా ఖర్చు కింద రాయాల్సిందే.

మళ్లీ మనుషులు కావలసి వచ్చినప్పుడు

1955 డిసెంబరులో పశ్చిమ జర్మనీ ఇటలీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. అప్పటికి ఇళ్ల కొరత తీరలేదు. గదుల కేటాయింపు పద్ధతిని ఎత్తేసే చట్టమే 1960లో గానీ రాలేదు. ఇళ్లు చాలని దేశం బయటినుంచి మనుషుల్ని ఎలా పిలిచింది? కార్మికుడికి వసతి యజమానే చూపించాలన్నారు. కుటుంబాలు లేకుండా మనుషుల్ని మాత్రం పిలిచారు, కొన్నేళ్లకు తిరిగి వెళ్లిపోతారన్నారు. మంచాలు వరసగా వేసిన బ్యారక్ సరిపోతుందన్నమాట. వోల్ఫ్స్‌బుర్గ్‌లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 1962లో ఇటాలియన్ కార్మికుల కోసం రెండంతస్తుల చెక్క బ్యారక్‌ల కాలనీయే కట్టింది.

నిర్వాసితుడి ఇల్లు, అతని భార్యా పిల్లలు, అతని ముసలితల్లి ప్రభుత్వం లెక్కలోకి వచ్చారు, ఆలస్యంగానైనా. అతను పౌరుడు, అతని ఓటు అడగడానికి పార్టీలు వచ్చాయి. ఇటలీ నుంచి, టర్కీ నుంచి వచ్చినవాడికి ఓటు లేదు. అతని కోసం గృహనిర్మాణ చట్టమూ రాలేదు, భారాల సమీకరణా జరగలేదు. 1973లో బయటి నియామకాలు ఆపేశాక వెళ్తే మళ్లీ రానివ్వరన్న భయంతో చాలామంది ఉండిపోయి, కుటుంబాలను పిలిపించుకున్నారు. పిల్లలతో బ్యారక్‌లో ఉండలేరు కదా. కూల్చివేతకు ఎదురుచూస్తున్న పాత ఇళ్లున్న వాడల్లో, ఎవరూ అద్దెకు తీసుకోని చోట్ల చేరారు.

అప్పుడు ఇముడ్చుకునే శక్తి అన్న మాట మళ్లీ వినిపించింది. 1975 ఏప్రిల్ నుంచి, విదేశీయుల వాటా 12 శాతం దాటిన ప్రాంతాలను భారం మించిన ప్రాంతాలుగా ప్రకటించి, కొత్త విదేశీయులెవరూ అక్కడ కాపురం పెట్టకుండా ఆపడానికి వీలు కల్పించారు. బెర్లిన్‌లో క్రోయిట్స్‌బెర్గ్, వెడ్డింగ్, టీర్‌గార్టెన్ వాడలు కొత్తవాళ్లకు మూసేశారు. ఆ వాడల్లో నిలబడి ఉన్నవి పందొమ్మిదో శతాబ్దపు ఇళ్లు, చాలావాటికి మరుగుదొడ్డి మెట్ల దగ్గరే. పాతికేళ్ల కిందట ష్లెస్విగ్-హోల్‌స్టైన్ 33 శాతం కొత్తవాళ్లతో ఉంది, ఇల్లు కట్టడానికి ఇటుకే లేని కాలంలో. ఈసారి ఇటుకా ఉంది, సిమెంటూ ఉంది, ప్రపంచంలోనే బలమైన ఆర్థిక వ్యవస్థల్లో ఒకటి ఉంది. అయినా 12 శాతం దగ్గర గీత గీశారు. జనాన్ని ఆపడంలో పెద్దగా పనిచేయని ఆ నిబంధనను 1977లో చాలావరకు వదిలేశారు.